పట్టు దొరకని పొర

"తెరవకండి! చుక్కలు పడేదాకా కన్ను తెరవకండి!"

నేను సీసా అందుకునేలోపే ఆయన తెరిచేశారు.

ఇక చూడాలి. మంచం అంచున కూర్చుని, కుడికన్ను మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగిపోతున్నారు. వేళ్ళ సందుల్లోంచి కారిన నీళ్ళు మోచేతి దాకా వచ్చేశాయి. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఈ నెలలో ఇది నాలుగోసారి.

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? లేవగానే తెరవొద్దు, చుక్కలు వేసుకుని నెమ్మదిగా తెరవమంది కదా డాక్టరమ్మ!"

"మర్చిపోయానే."

"ఇది మర్చిపోయే సంగతా?"

"కలొచ్చింది. పరంజా మీదున్నాను. కిందనుంచి ఎవరో పిలిచినట్టయితే, చూద్దామని కళ్ళు తెరిచాను."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకెప్పుడూ రెండూ కలిసే వస్తాయి. కోపం ఒక్క అడుగు ముందుంటుంది.

ఊరంతా కప్పు మేస్త్రీ అని పిలిచే మనిషి ఈయన. ముప్ఫై ఏళ్ళుగా పరంజాల మీద నిలబడి, తల వెనక్కి వంచి, పెద్ద పెద్ద హాళ్ళ కప్పులకి సున్నంతో పూలూ లతలూ పోశారు. ఒకసారి జారిపడి చెయ్యి విరిగితే, కట్టు కట్టించుకుని తిరిగొస్తూ దారిలో నాకు చెప్పులు కొనుక్కొచ్చారు. అంత మొండిఘటం. అలాంటి మనిషి ఇప్పుడు నిద్రలేచి కళ్ళు తెరవాలంటే వణుకుతున్నారు. పైగా గీత తిన్నగా ఉందో లేదో ఆయన ఎడమకన్ను మూసి కుడికన్నుతోనే చూస్తారు. ఆ కన్ను పోతే పని పోయినట్టే. సభామందిరం కప్పు మధ్యలో పెద్ద పువ్వు సగంలో ఆగిపోయి ఉంది.

"అంతా నా తోడబుట్టినవాడి నిర్వాకం," అన్నాను తువ్వాలు తడుపుతూ. "వాడు చూసుకుని కలిపి ఉంటే సున్నం ఎగిరి మీ కంట్లో ఎందుకు పడేది? నాలుగు నెలలైంది. బావకెలా ఉందక్కా అని ఒక్కసారైనా వచ్చాడా?"

"రావొద్దన్నది నువ్వే కదే."

"రావొద్దంటే మానేస్తాడా!"

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది, నా మనవరాలు బుడ్డదాన్ని చంకనేసుకుని. తమ్ముడి ఊసు ఎత్తినప్పుడల్లా కోడలి మొహం అదోలా అయిపోతుంది. నా తిట్లు వినలేక కాబోలు అనుకునేదాన్ని.

"బండి పిలవనా అత్తయ్యా?"

"పిలువు. ఇవాళ అటో ఇటో తేల్చేయమంటాను ఆ డాక్టరమ్మని."

ఆయన చెయ్యి తీయకుండానే అన్నారు, "నువ్వొద్దులే. కోడలు వస్తుంది."

"అదేంటి? నేనెందుకు రాకూడదు?"

ఇద్దరూ బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డారు. నేను చెప్పులు వేసుకున్నాను.

* * *

డాక్టరమ్మ గది చిన్నది, కిటికీలకి నల్లటి తెరలు. ఆవిడ సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఎత్తు స్టూలు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. ముందుగా ఏదో చుక్క వేసింది. నిమిషం గడవకుండా ఆయన భుజాలు కిందికి దిగాయి.

"అమ్మయ్య," అన్నారు. ఇల్లు వదిలాక ఆయన నోట వచ్చిన మొదటి మాట.

"అది తిమ్మిరి చుక్క మేస్త్రీగారూ. అరగంటే ఉంటుంది. గడ్డం ఇక్కడ పెట్టండి."

గడ్డం ఆనించే యంత్రం ముందు ఆయన్ని కూర్చోబెట్టి, పసుపుపచ్చ రంగు అద్దిన కాగితం ముక్కని కంటి కొసకి తాకించి, నీలం దీపం వేసింది.

"అమ్మా, మీరూ చూస్తారా? ఆ కంప్యూటరు తెర మీద కనిపిస్తుంది."

చూశాను. చూసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

ముప్ఫై రెండేళ్ళుగా చూస్తున్న కన్నే అది. ఆ కన్నుతో నన్ను చూసి నవ్వారు, ఆ కన్నే నా మీద ఉరిమారు. అయినా నేనెప్పుడూ చూడలేదన్నమాట. తెర నిండా అదే ఉంది. నడుమ నల్లని గుండ్రం, దాని చుట్టూ గోధుమరంగు పోగులు, ఒక్కొక్కటీ విడివిడిగా, ఎవరో కూర్చుని నేసినట్టు. వాటి మీద ఉందో లేదో తెలియని అద్దం లాంటి పొర. ఆ పొర మీద, కింది వైపున, ఒకచోట ఆకుపచ్చగా వెలుగుతోంది. ఆ వెలుగు అంచున పొర ముడతపడి ఉంది, పాల మీది మీగడని వేలితో తోసినట్టు.

"ఆ పచ్చగా ఉన్నదేంటమ్మా?"

"పైచర్మం ఊడిన చోటు. రంగు అక్కడ పట్టుకుంది."

"కంటికి చర్మమా!"

"ఉంటుందమ్మా. వెంట్రుకంత మందం కూడా ఉండదు. దెబ్బ తగిలిన చోట కొత్త చర్మం వచ్చింది గానీ, దానికి కింద పట్టు దొరకలేదు. నిద్రలో కన్ను పొడిబారుతుంది. రెప్ప ఆ చర్మానికి అతుక్కుపోతుంది. పొద్దున్న రెప్ప తెరుచుకోగానే చర్మాన్ని కూడా లాక్కుపోతోంది."

"రెప్పా! కంటిని కాపాడాల్సిన రెప్పే చేస్తోందా ఇంత పనీ?"

"కాపాడుతున్నాననే అనుకుంటుందమ్మా అది. దానికేం తెలుసు."

ఆయన గడ్డం యంత్రం మీద ఆనించుకునే, "డొల్ల," అన్నారు.

"ఏంటి మేస్త్రీగారూ?"

"పైపూత గోడకి పట్టకపోతే చూడ్డానికి బాగానే ఉంటుందమ్మా. వేలితో కొడితే డొల్ల పలుకుతుంది. ఎప్పుడో ఒకనాడు పెచ్చు ఊడిపడుతుంది. నా కన్ను డొల్ల పలుకుతోందన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. "అలాంటి గోడని మీరేం చేస్తారు మరి?"

"వదులైందంతా గీకేస్తాం. అడుగున మరీ నున్నగా ఉంటే గాట్లు పెడతాం. గాటు పడితేనే పూతకి పట్టు."

"నేనూ అదే చేద్దామనుకుంటున్నాను. సూదితో. చిన్న చిన్న గాట్లు, ఓ పాతిక."

కంట్లో సూది! నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆయన మాత్రం పక్క ఊరి మేస్త్రీ పనితనం గురించి విన్నట్టు తలాడించారు.

"కానీ ఒక అడ్డుంది," అని డాక్టరమ్మ కాగితాలు ముందుకు లాక్కుంది. "మొదటిరోజు మీరు సున్నం పడిందన్నారు. సున్నం కాల్చిన కంటికి నేను సూది పెట్టను. అది సరిగ్గా మానదు, మచ్చ కడుతుంది, చూపుకే ముప్పు. అందుకే ఇన్నాళ్ళూ మందులతో నెట్టుకొచ్చాను. అయితే నాకు సున్నం ఆనవాలు ఎక్కడా కనబడ్డంలేదు. సన్నటి గీత ఒక్కటే ఉంది, వంకరగా. ఇలాంటివి నేను రోజూ చూస్తాను. కాగితం అంచో, కొమ్మో, గోరో తగిలితే పడేది. అసలేం తగిలింది?"

"సున్నమేనమ్మా," అన్నాను నేను. "మా తమ్ముడు ఉన్నాడే, వాడు..."

"మిమ్మల్ని కాదమ్మా. ఆయన్ని అడుగుతున్నాను. ఆయన చెప్పేదాన్ని బట్టే సూది తీయాలా వద్దా అన్నది."

తెర మీద ఆ కన్ను అలాగే తెరుచుకుని ఉంది. నల్లని గుండ్రం మాత్రం కొద్దిగా కదిలి నా వైపు వచ్చి, మళ్ళీ తప్పుకుంది. అంత పెద్ద కన్ను అలా తప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

"నువ్వు కాసేపు బయట కూర్చోవే," అన్నారు.

"కూర్చోను."

యంత్రంలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"బుడ్డదాని గోరు," అన్నారు చివరికి. "పొద్దున్నే ఒళ్ళో ఆడుతోంది. నా ముక్కు పట్టుకుందామని చెయ్యి చాపింది. అంతే."

"మరి సున్నమని ఎందుకు చెప్పారు?" అన్నాను నేను.

"ఆ వారమంతా నువ్వు కోడల్ని ఆ గోళ్ళ గురించే కదా..." అని ఆగిపోయారు. "నీకు తెలుసు కదే."

తెలుసు. పిల్ల గోళ్ళు తీయవేం, తీయవేం అని కోడలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఒకసారి తీస్తుంటే వేలికొస తెగి నెత్తురొచ్చిందట. అప్పట్నుంచీ ఆ పని అంటే దానికి భయం. కనగానే సరా, పెంచడం రావద్దా అని కూడా అన్నాను. ఎదురింటి వాళ్ళు వింటుండగా అన్నాను.

"నువ్వలా అన్న సాయంత్రం కోడలు మేడమెట్ల కింద నిలబడి వాళ్ళమ్మకి ఫోను చేసుకుంటోంది," అన్నారాయన. "నేనిక ఇక్కడ ఉండలేనమ్మా, పిల్లని తీసుకుని వచ్చేస్తానంటోంది. నేను విన్నాను. తెల్లారి గోరు తగిలింది. గోరని చెబితే నువ్వు ఆ పిల్లని బతకనిచ్చేదానివా? సున్నమంటే ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. నువ్వు సున్నాన్ని తిడితే సున్నానికేం నొప్పి? నీ తమ్ముడి ఇంటి మీదికి వెళ్తావని నాకేం తెలుసే?"

"వెళ్ళొచ్చాకైనా చెప్పొచ్చుగా!"

"రోజూ చెబుదామనే అనుకున్నాను. ఇవాళ కాదు రేపు అనుకుంటుంటే అది కాస్తా గట్టిపడిపోయింది."

నా నోట్లో నోరు పెట్టి నెగ్గినవాళ్ళు లేరని మా వీధిలో నాకో పేరు. ఆ గదిలో మాత్రం తెర మీది కన్నునే చూస్తూ కూర్చున్నాను. నాలుగు నెలలుగా ఈ మనిషి వారం వారం కన్ను చీరుకుంటున్నారు. నిజం ఒక్క ముక్క చెబితే ఎప్పుడో వైద్యం జరిగేది. చెప్పకుండా, నా నోటికీ ఆ పిల్లకీ మధ్య అడ్డంగా నిలబడ్డారు. ఇంత మనిషితో కాపురం చేస్తూ, ఈయనకి మాట్లాడ్డం రాదు పాపం అని పదిమందికీ చెప్పుకున్నదాన్ని నేను.

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "గోరే కదా? రూఢిగా?"

"గోరేనమ్మా."

"అయితే చేసేద్దాం. కదలకూడదు సుమా."

"కదిలితే పరంజా మీంచి పడతాం. కదలకుండా ఉండటమే మా పని," అన్నారాయన.

నన్ను బయటికి వెళ్ళమన్నా వెళ్ళేదాన్ని కాదు. ఎవరూ అనలేదు.

ఆవిడ తడి దూదితో ఆ ముడతపడ్డ పొరని మెల్లగా పక్కకి తుడిచేసింది. తర్వాత కొస వంచిన సూది పట్టింది. తెర మీద ఆ సూది కొస గునపమంత కనబడింది. అలా తాకి ఇలా పైకి లేచేది. తాకినచోట ఒక చుక్క. పక్కన ఇంకొకటి. ఆవిడ మోచెయ్యి బల్ల మీద ఆనించి ఉంది, వేళ్ళు తప్ప ఏవీ కదలడంలేదు. ఆయన కన్ను రెప్ప వేయలేదు. ఇద్దరు పనివాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారని నాకు తెలిసింది. ఒకరు గాటు పెడుతున్నారు, ఒకరు గోడై నిలబడ్డారు. నేను లెక్కపెట్టాను. ఇరవై ఆరు.

చివర్లో నీటిబొట్టులా ఉన్న పల్చటి లెన్సొకటి కంటి మీద పెట్టింది. "ఇది కట్టనుకోండి. రెండు వారాలుంటుంది. రెప్ప ఇక దీని మీదే జారుతుంది, చర్మం జోలికి పోదు."

"కొత్త పూత ఎప్పటికొస్తుందమ్మా?" అని అడిగారాయన.

"ఎల్లుండికి."

"ఎల్లుండికే! ఎవరు పూస్తారు?"

"ఎవరూ పూయరు మేస్త్రీగారూ. నాలుగు అంచుల నుంచీ అదే పాక్కుంటూ వచ్చి మధ్యలో కలుసుకుంటుంది."

"అతుకు?"

"కనబడదు."

ఆయన ఎవరితోనో చెబుతున్నట్టు కాకుండా, తనలో తనే అన్నారు. "అతుకు కనబడకుండా పూయడం ఎలాగో ముప్ఫై ఏళ్ళుగా నేర్చుకుంటూనే ఉన్నాను. ఇంతటి పనివాడు నా మొహం మీదే ఉన్నాడని తెలియనే తెలియదు."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంది, "పూత తొందరగానే వస్తుంది. పట్టు గట్టిపడాలంటే మూడు నెలలు. అందాకా తడి ఆరనివ్వకూడదు. లెన్సు తీసేశాక మొదటి పొద్దు ఉంటుంది చూడండి, ఆరోజు తెలుస్తుంది మన పని నిలిచిందో లేదో."

బండిలో తిరిగొస్తూ ఆయన కన్ను మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టాను. నా ఇంటిని కంటికి రెప్పలా చూసుకుంటానని నేను పదిమందిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇక ఆ మాట ఎప్పటికీ అనలేను.

* * *

గుమ్మంలో నా మొహం చూడగానే కోడలికి అర్థమైపోయింది.

"అత్తయ్యా, నేను ఆరోజే చెప్పేద్దామనుకున్నాను. మావయ్య ఒట్టు వేయించుకున్నారు..."

"నెయిల్ కట్టరు ఎక్కడుంది?"

పరుగున వెళ్ళి తెచ్చిచ్చింది.

"నువ్వు పిల్లని పట్టుకో. నేను తీస్తాను."

బుడ్డది నా వేలు పట్టుకుని కిలకిలా నవ్వింది. ఒక్కొక్క గోరూ తీసి అరచేతిలో వేసుకున్నాను. ఉఫ్ అంటే ఎగిరిపోయేవి, వెతికితే గానీ కనబడనివి. ఇంత గోరు ఒక మనిషి పనిని ఆపేసింది. నా తమ్ముణ్ణి మా గడపకి దూరం చేసింది మాత్రం గోరు కాదు. అది నేనే.

కోడలు నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. "ఈసారి నీ చేత తీయిస్తాను," అన్నాను. "పక్కనే కూర్చుంటాను. నోరెత్తను."

అది తలెత్తి నన్ను చూసిన చూపులో నమ్మకం సగమే ఉంది. మిగతా సగం అడిగే హక్కు నాకు లేదు.

తమ్ముడికి ఫోను చేయాలి. రోజూ తీసేదాన్ని, రోజూ పెట్టేసేదాన్ని. వాడి గుమ్మం ముందు, వాడి పనివాళ్ళందరూ చూస్తుండగా, "బావ కన్ను పొడిచావు, ఇక నా గడప తొక్కకు" అన్నాను. వాడు చేతిలో తాపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అలాంటివాడితో మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. మాటలకి తడుముకోవడం నాకు అదే మొదటిసారి.

రెండు వారాలు గడిచాయి. నిన్న డాక్టరమ్మ లెన్సు తీసేసింది. రాత్రి పడుకునేముందు, తడి ఆరకుండా ఆవిడిచ్చిన ఉప్పుమందు కంట్లో నేనే పెట్టాను.

ఈ పొద్దున ఆయన కన్నా ముందు లేచాను. కిటికీలో వెలుగు వస్తోంది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు, రెప్ప కదలకుండా. ఆ రెప్ప కింద ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. భయం ఆపుకోలేక ఫోను తీశాను. ఈసారి పెట్టేయలేదు.

"అక్కా?" అన్నాడు తమ్ముడు. నిద్రగొంతు క్షణంలో బిగుసుకుంది. "ఇంత పొద్దున్నే ఏంటి? బావకేమైనా అయిందా?"

"ఏం కాలేదు. ఒరేయ్... ఆరోజు సున్నం కాదటరా."

"తెలుసు."

"తెలుసా!"

"ఆరోజు సున్నం బస్తా విప్పనేలేదక్కా. పరంజా మార్చి కట్టుకోవడంతోనే సరిపోయింది."

"మరి నేను అన్నేసి మాటలంటుంటే చెప్పొచ్చు కదరా!"

"నువ్వు అడగలేదు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయాను. "అడిగితే చెప్పేవాణ్ణి."

నిజమే. ఆరోజు అన్ని మాటలు అన్నాను, ఒక్క ప్రశ్న వేయలేదు.

"తప్పు నాదేరా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నేనూ అదే మొదటిసారి వినడం.

"బావ లేచాడా?" అన్నాడు వాడు.

"ఇంకా లేదు. నిన్ననే ఆ లెన్సు తీసేశారు. ఇవాళే మొదటి పొద్దు. పట్టిందో లేదో ఇప్పుడు తెలుస్తుంది."

"ఫోను పెట్టేయకు అయితే."

మంచం కిర్రుమంది. ఆయన మేలుకున్నారు. ఈసారి మర్చిపోలేదు. కళ్ళు మూసుకునే చెయ్యి చాపారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రెప్పల అంచున చుక్కలు వేశాను. ఒక చుక్క గురి తప్పి ముక్కు మీద పడింది.

"నీ చెయ్యేనా ఇది?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

"మాట్లాడకండి. తొందరపడకండి."

గుమ్మంలో కోడలు వచ్చి నిలబడింది. బుడ్డది కూడా ఎందుకో గోల చేయలేదు. ఆయన ఎడమకన్నుని అరచేత్తో మూసుకున్నారు. కుడి రెప్ప కొద్దిగా లేచింది. ఆగింది. ఇంకొంచెం లేచింది. నేను ఆ కేక కోసం కాచుకుని ఉన్నాను. నాలుగు నెలలుగా పొద్దున్నే వింటున్న కేక.

రాలేదు.

కన్ను పూర్తిగా తెరుచుకుంది. పైకి, మా గది కప్పు వైపు చూస్తోంది. నేను కొత్తగా కాపురానికొచ్చిన ఏడాది ఆయనా తమ్ముడూ కలిసి పూసిన కప్పు అది. నిమిషం గడిచింది. నేను మంచం మీదికి వంగాను.

"ఏమండీ?"

"ఆ మూల చూడు," అన్నారు. "ఫ్యాను కొక్కెం పక్కన. వెంట్రుకంత బీట తీసింది. ఎన్నాళ్ళైందో ఏమో."

నేనూ చూశాను. నాకేమీ కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళే.

"నేనొక్కణ్ణీ చేసే పని కాదు. కింద కలిపి అందించేవాడుండాలి," అన్నారు కప్పు మీంచి చూపు తిప్పకుండా. "వాణ్ణి రమ్మను."

"విన్నావురా?" అన్నాను ఫోనులో.

వాడి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. వస్తావా రావా అని గదమాయించబోయి నోరు నొక్కుకున్నాను. వాడేమంటాడో వాణ్ణే అననిద్దామని, ఫోను చెవికి అదిమిపెట్టుకుని అలాగే నిలబడ్డాను.